డాలస్ ఎండల్లో ఫాల్ తోట: ఏది ఉంచాలి, ఏది పీకాలి, మడిని ఎలా సిద్ధం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఇల్లు. పెరట్లో 4×8 అడుగుల రైజ్డ్ బెడ్లు (చెక్క చట్రంలో మట్టి నింపి ఎత్తుగా చేసిన మడులు) రెండు, కంచె పక్కన నేల మీదే చేసిన మడి ఒకటి. జులై ఆఖరు వారం వచ్చింది, మూడు వారాలుగా చినుకు లేదు, రోజూ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతోంది. టమాటా పూస్తోంది కానీ పూత రాలిపోతోంది. బెండ మనిషెత్తు పెరిగి ఒకటీ అరా కాస్తోంది. చిక్కుడు తీగ కంచెంతా అల్లుకుంది కానీ ఒక్క పువ్వూ లేదు. అన్నీ పీకేసి మెంతి, కొత్తిమీర, పాలకూర, క్యాబేజీ ఇప్పుడే వేసేయొచ్చా?

ఇప్పుడు వేయకండి. అన్నీ పీకనూ వద్దు. ఈ నెలలో మీరు చేయాల్సిన అసలు పని మట్టికి లోపలి దాకా నీళ్లు పట్టించి, దాని మీద నేరుగా ఎండ పడకుండా చూడటం. ఉత్తర టెక్సాస్‌లో ఫాల్ తోట, అంటే శరత్కాలపు తోట, పాడయ్యేది ఎక్కువగా ఆగస్టులోనే. ఎండిన మట్టిలో విత్తనం వేసి, పైపైన తడిపి, మొలవలేదని మళ్లీ వేసేసరికి నెల గడిచిపోతుంది.

ముందు తేదీల లెక్క చూద్దాం. డాలస్–ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్టు దగ్గర తొలి ఫ్రీజ్, అంటే చలి 32 డిగ్రీలకు దిగే రాత్రి, సగటున నవంబరు మూడో వారంలో వస్తుంది. మీ వైపు, ఇంకా ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా వైపు కొంచెం ముందే రావచ్చు కాబట్టి నవంబరు 15 అనుకుని వెనక్కి లెక్కపెట్టండి. విత్తనాల ప్యాకెట్ మీద ఉన్న రోజులకు 14 కలపాలి. ఆ అంకె పగలు పెరుగుతూ ఉండే వసంతకాలానికి వేసింది. సెప్టెంబరు తర్వాత పగలు కుదించుకుపోతుంది కాబట్టి అదే మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. కాపు కనీసం మూడు వారాలైనా తినాలనుకుంటే ఇంకో 21 కలపండి. ఉదాహరణకు 60 రోజుల దోస: 60, 14, 21 కలిపి 95 రోజులు. నవంబరు 15 నుంచి 95 రోజులు వెనక్కి వెళ్తే ఆగస్టు 12. అంటే దోసకు ఇంకా రెండు వారాలుంది. క్యాబేజీ, మెంతి లాంటి చలి పంటలకు ఈ లెక్క వర్తించదు, అవి తేలికపాటి ఫ్రీజ్ తట్టుకుంటాయి. వాటికి గడువు వెనక వైపు లేదు, ముందు వైపు ఉంది: వేడి తగ్గేదాకా ఆగాలి.

ఇక ఏది ఉంచాలో చూద్దాం. చిక్కుడు తీగను పొరపాటున కూడా పీకకండి. మన దేశం నుంచి తెచ్చుకున్న చిక్కుడు రకాల్లో చాలావాటికి పగలు తగ్గితేనే పూత వస్తుంది. డాలస్‌లో జులై ఆఖరున పగలు ఇంకా దాదాపు 14 గంటలు. సెప్టెంబరు మూడో వారానికి 12 గంటలకు దిగుతుంది, పూత అప్పుడు మొదలవుతుంది, అక్టోబరంతా గెలలు గెలలుగా కాస్తుంది. పూత లేదని ఎరువు వేస్తే ఇంకా ఆకే పెరుగుతుంది. నత్రజని పూర్తిగా ఆపేసి, వారానికి రెండుసార్లు లోతుగా నీళ్లిచ్చి వదిలేయండి. ఏటా ఆగస్టులో "గొడ్డు తీగ" అని చిక్కుడు పీకేసేవాళ్లు ఎంతమందో. ఇంకో నెలన్నర ఆగితే వాళ్లకు సంచుల కొద్దీ కాయలు వచ్చేవి.

గోంగూరదీ అదే స్వభావం, కానీ మనకు కావాల్సింది ఆకు కాబట్టి చేయాల్సిన పని తిరగబడుతుంది. పగలు తగ్గగానే పూతకు వెళ్లి ఆకు చిన్నబోతుంది. ఇప్పుడే సగానికి కోసేస్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో లేత ఆకు వస్తుంది. పచ్చడి పెట్టుకోవాలంటే సెప్టెంబరు లోపలే కోసుకోండి.

బెండను మోకాలి ఎత్తులో, కింద నాలుగైదు కణుపులైనా మిగిలేలా కోసేయండి. కోసిన రోజే నీళ్లు పెట్టి, మొక్కకు ఒక చెంచా అమ్మోనియం సల్ఫేట్ (21-0-0, అంటే 21 శాతం నత్రజని మాత్రమే ఉన్న ఎరువు) మొదలుకు అర అడుగు దూరంలో వేయండి. మూడు నాలుగు వారాల్లో పక్క కొమ్మలు వచ్చి, సెప్టెంబరులో చేతికందే ఎత్తులో కాస్తుంది. వంగను మూడో వంతు నుంచి సగం దాకా కత్తిరించవచ్చు, అయిదారు వారాల్లో కొత్త కాపు మొదలవుతుంది. ఆగస్టు 10 దాటాక వంగను గట్టిగా కత్తిరిస్తే కాపు చలికి చిక్కుతుంది. మిరపకు కత్తిరింపు వద్దు. ఆకు నీడ పోతే కాయ మీద తెల్లటి ఎండమచ్చ పడి అక్కడ కుళ్లు పట్టుకుంటుంది. ఎండిన కొమ్మలు తీసేస్తే చాలు, రాత్రులు చల్లబడగానే మళ్లీ పిందె కడుతుంది. కాకర, సొర, దొండ పచ్చగా ఉన్నంతకాలం ఉంచేయండి.

టమాటా సంగతి వేరు. పగలు 95 దాటి, రాత్రి 75కు కూడా దిగనప్పుడు పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. ఇది నీళ్ల లోపమో ఎరువు లోపమో కాదు, కాబట్టి ఏ మందు కొట్టినా పూత నిలవదు. మొక్క ఆకులు కింద నుంచి పసుపు చుక్కలతో కంచు రంగుకు తిరుగుతుంటే, ఆకు వెనక సన్నటి గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి. అలాంటి మొక్కను పీకి, నల్ల సంచిలో కట్టి చెత్తలో వేయండి, కంపోస్టులో వేయకండి. ఆరోగ్యంగా ఉన్న చెర్రీ రకమైతే మూడో వంతు కోసి, పైన నీడ కడితే అక్టోబరులో కాస్తుంది. కొత్త నారు దొరికితే ఆగస్టు మొదటి వారం లోపల పెట్టండి, అదీ 60 రోజుల లోపు రకాలే: సన్‌గోల్డ్, జూలియట్ లాంటివి. పెద్ద కాయ రకాలు ఇప్పుడు పెడితే ఫ్రీజ్ నాటికి పచ్చికాయలే మిగులుతాయి. పచ్చి టమాటా పప్పు, పచ్చడి ఇష్టమైనవాళ్లకు అదీ పనికొచ్చే పంటే అనుకోండి.

ఏ మొక్క పీకినా వేరును కడిగి చూడండి, ముఖ్యంగా బెండ, టమాటా వేర్లను. వేరు మీద ముడులు ముడులుగా బుడిపెలుంటే నులిపురుగులు, అంటే నెమటోడ్లు ఉన్నట్టు. చిక్కుడు జాతి వేర్ల మీద సహజంగా ఉండే బుడిపెలు గోటితో గీకితే ఊడివస్తాయి. నెమటోడ్ బుడిపె వేరులో భాగంగా ఉబ్బి ఉంటుంది, ఊడదు. ఒట్టి నల్లమట్టిలో ఈ బాధ తక్కువ, ఇసుక కలిపిన రైజ్డ్ బెడ్లలో ఎక్కువ. కనిపిస్తే ఆ మడిలో వచ్చే ఏడు బెండ, టమాటా వేయకండి. అక్టోబరులో ఎల్బన్ రై అనే ధాన్యపు గడ్డి విత్తి, ఫిబ్రవరిలో మట్టిలో కలిపేయడం టెక్సాస్‌లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. అది పచ్చిరొట్ట ఎరువుగానూ పనికొస్తుంది. లాన్ కోసం అమ్మే రై గ్రాస్ వేరు, దాన్ని తెచ్చుకోకండి.

ఇప్పుడు మట్టి. మీ కంచె పక్క మడిలో ఉన్నది కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లో పైపు పెట్టి నీళ్లు వదిలితే అడుగుకు జారిపోతాయి తప్ప గడ్డలోకి ఇంకవు. ముందు నెర్రెల్లో కంపోస్టు దూర్చండి. ఇసుక పోయకండి. రేగడిలో కాస్త ఇసుక కలిస్తే ఎండాక ఇటుకలా బిగుస్తుంది. తర్వాత డ్రిప్ గానీ, పొడవునా నీరు ఊరే సోకర్ హోస్ గానీ పరిచి అరగంట వదలండి, గంట ఆపండి, మళ్లీ అరగంట. రేగడి నీళ్లను నెమ్మదిగానే తాగుతుంది, ఒకేసారి గంటన్నర వదిలితే సగం పక్కకు పారిపోతుంది. ఇలా రోజు విడిచి రోజు మూడు విడతలు చేసి, రెండు రోజులు ఆరనివ్వండి. అప్పుడు అర అడుగు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి నడుం ఎత్తు నుంచి వదలండి. పడి నాలుగైదు ముక్కలైతే పదునులో ఉన్నట్టు, తవ్వొచ్చు. ముద్దగా అలాగే ఉంటే ఇంకా తడి ఎక్కువ. అప్పుడు తవ్వితే పెళ్లలు కట్టి చలికాలమంతా బాధిస్తుంది. పొడిగా రాలిపోతే ఇంకో తడి ఇవ్వాలి. పదును రాకముందు టిల్లర్ (మట్టి తిరగేసే యంత్రం) పెట్టడం వల్ల చెడిన మడిని బాగుచేయడానికి ఒక సీజన్ పడుతుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రైజ్డ్ బెడ్లది ఇంకో రకం చిక్కు. కొన్న సంచి మట్టిలో ఉండే పీట్ అనే ఎండు నాచు, చెక్కపొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని నెట్టేస్తాయి. పైన తడిగా కనిపిస్తుంది, రెండు అంగుళాల కింద పిండిలా పొడి. మట్టి కుంచించుకుపోయి చెక్క అంచు దగ్గర సందు ఏర్పడుతుంది, నీళ్లన్నీ ఆ సందులోంచి కిందికి పోతాయి. ఒక ఇనప చువ్వతో అడుగుకో రంధ్రం చొప్పున 8 అంగుళాల లోతు పొడవండి, అంచు సందులు చేత్తో నొక్కి మూయండి. ఇరవై నిమిషాల ఎడంతో మూడుసార్లు సన్నటి జల్లుగా తడపండి. తర్వాత చిన్న పారతో అర అడుగు తవ్వి చూడండి. అక్కడిదాకా తడి చేరిందని కళ్లతో చూశాకే తర్వాతి పని.

ఒక హెచ్చరిక: పైపులో ఎండకు కాగిన నీళ్లు మొక్క మొదట్లో పోస్తే వేరు కాలుతుంది. మొదటి నిమిషం నీళ్లు చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే మొక్కకు పెట్టండి.

కంపోస్టు 2 అంగుళాల మందం చాలు. 32 చదరపు అడుగుల మడికి అది 5.3 ఘనపుటడుగులు, అంటే ఒక ఘనపుటడుగు సంచులు ఆరు. పై 5, 6 అంగుళాల మట్టిలో కలపండి. నేల మడికైతే 3 అంగుళాలు వేయండి. స్తోమత ఉంటే అంతే మందం ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన గుల్ల రాతి ముక్కలు) కూడా ఒకసారి కలిపితే రేగడి గుల్లబారుతుంది, అది ఏటేటా కుళ్లి తరిగిపోయేది కాదు. సున్నం, కట్టెల బూడిద మాత్రం వద్దు. ఇక్కడి మట్టి, కుళాయి నీరు రెండూ క్షారగుణం ఉన్నవే, మట్టి పీహెచ్ 7.5 నుంచి 8 దాకా ఉంటుంది. బూడిద పడితే ఇనుము అందక ఆకులు ఈనెలు తప్ప పసుపుపచ్చగా తిరుగుతాయి. ఊళ్లో పెరటి మొక్కలకు పొయ్యి బూడిద వేసే అలవాటు ఇక్కడికి మోసుకు రావద్దు.

ఎండుగడ్డి, గుర్రపు పేడ, పశువుల ఎరువు తెచ్చేముందు తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ పచ్చిక బయలుకు కలుపుమందు కొట్టారా? అమినోపైరలిడ్, పిక్లోరామ్ అనే మందులు గడ్డిలోంచి పశువు కడుపులోకి వెళ్లి, పేడలోకి వచ్చి, కంపోస్టయ్యాక కూడా మిగులుతాయి. టమాటా, చిక్కుడు, మిరప ఆకులు ముడుచుకుని తాళ్లలా మెలిపడితే అనుమానించాల్సింది దాన్నే. పరీక్ష తేలిక. ఆ ఎరువును మట్టితో సగం సగం కలిపి మూడు కుండీల్లో, ఒట్టి మట్టితో ఇంకో మూడు కుండీల్లో బీన్స్ గింజలు వేసి మూడు వారాలు చూడండి. మొదటి మూడింట్లో కొత్త ఆకులు మెలిపడి వస్తే ఆ ఎరువు మీ తోటలోకి రానివ్వకండి. ఇప్పుడు మొదలుపెడితే ఫలితం సెప్టెంబరు నాటడానికి ముందే తెలుస్తుంది.

రసాయన ఎరువు ఇప్పుడు ఖాళీ మడికి వేయకండి. ఎండిన మట్టిలో ఉప్పు పేరుకుని మొలకను మాడుస్తుంది. నాటేనాడు 32 చదరపు అడుగులకు 75 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, మూడు వారాలకు ఇంకో 75 గ్రాములు సరిపోతుంది. కొన్నేళ్లుగా కంపోస్టు వేస్తున్న మడుల్లో భాస్వరం ఇప్పటికే ఎక్కువగా ఉంటుంది కాబట్టి 10-10-10 లాంటివి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువులు) కళ్లు మూసుకుని వేయకండి. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వాళ్ల మట్టి పరీక్ష ల్యాబ్ కాలేజ్ స్టేషన్‌లో ఉంది. ఇప్పుడు నమూనా పంపితే నాటే వేళకు ఫలితం చేతికొస్తుంది.

మీ రెండు రైజ్డ్ బెడ్లలో ఒకటి సెప్టెంబరు రెండో వారం దాకా ఖాళీగా ఉంచగలిగితే ఈ ఎండనే పనిలో పెట్టండి. మడిని శుభ్రం చేసి, అడుగు లోతు తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటును మట్టికి అంటుకునేలా పరిచి, అంచులన్నీ మట్టిలో పూడ్చేయండి. మందం 1 నుంచి 4 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఏదైనా పరవాలేదు. నల్లది వద్దు, అది తానే వేడెక్కుతుంది కానీ మట్టిలోకి వేడిని అంతగా పంపదు. నాలుగు నుంచి ఆరు వారాల్లో పై కొన్ని అంగుళాల్లోని కలుపు గింజలు, చాలా తెగుళ్లు, కొంతవరకు నెమటోడ్లు చస్తాయి. గరిక, తుంగ మాత్రం పూర్తిగా చావవు. ఇక్కడ లాన్‌లో బెర్ముడా అని పెంచేది మన గరికే, కాబట్టి ఆ వేర్లను షీటు వేయకముందే పదునులో ఏరిపారేయాలి. షీటు తీశాక లోతుగా తవ్వకండి, కింది గింజలు పైకొస్తాయి.

నీళ్ల ఏర్పాటు నాటకముందే కుదరాలి. 4×8 మడికి 8 అడుగుల డ్రిప్ లైన్లు నాలుగు, అడుగుకో ఎమిటర్ (నీటిచుక్కలు వదిలే రంధ్రం), గంటకు 0.6 గాలన్ల రకం తీసుకోండి. మొత్తం 32 ఎమిటర్లు, గంటకు సుమారు 19 గాలన్లు. 32 చదరపు అడుగుల మీద ఒక అంగుళం నీరు అంటే 20 గాలన్లు. కాబట్టి ఒక గంట నడిపితే దాదాపు ఒక అంగుళం, ఇంతకన్నా సులువైన లెక్క ఉండదు. ఆగస్టు ఎండలో ఎదిగిన పంటకు వారానికి అంగుళంన్నర నుంచి 2 అంగుళాలు కావాలి. రైజ్డ్ బెడ్లో రోజు విడిచి రోజు అరగంట, రేగడి మడిలో వారానికి రెండుసార్లు, ప్రతిసారీ అరగంట చొప్పున రెండు విడతలు. కుళాయి దగ్గర వరుస ఇలా ఉండాలి: టైమర్, వెనక్కి నీరు పోకుండా ఆపే బ్యాక్‌ఫ్లో వాల్వు, ఫిల్టరు, 25 పీఎస్ఐ ప్రెషర్ రెగ్యులేటరు, తర్వాత పైపు. రెగ్యులేటరు లేకపోతే తెల్లవారుజామున ఒత్తిడి పెరిగి జాయింట్లు ఊడిపోతాయి. మీరు లేచేసరికి ఒక మూల బురద, మిగతా మడంతా పొడి. నెలకోసారి లైన్ల చివరి మూత తీసి నీళ్లు వదిలి కడగండి, ఇక్కడి నీటిలో సున్నం పేరుకుంటుంది.

డాలస్ చుట్టుపక్కల చాలా నగరాల్లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు స్ప్రింక్లర్లు నడపకూడదు. డ్రిప్‌కూ, చేతిపైపుకూ సాధారణంగా మినహాయింపు ఉంటుంది. బెట్ట ముదిరితే నిబంధనలు మారతాయి కాబట్టి మీ సిటీ పేజీలో చూసుకోండి.

మధ్యాహ్నం మూడింటికి ఆకులు వాలిపోతే వెంటనే నీళ్లు పట్టకండి. దోస, సొర, గుమ్మడి ఆకులు వేర్లు తడిలో ఉన్నా ఎండ వేళ వాలతాయి. తెల్లారి చూడండి. అప్పటికీ వాలే ఉంటే నీళ్లు తక్కువైనట్టు. మధ్యాహ్నం వాలిన ఆకులు చూసి రోజూ నీళ్లు పట్టడం వల్ల వేరు కుళ్లి చచ్చే మొక్కలు, దాహంతో చచ్చేవాటికన్నా తక్కువేం కాదు.

తడిపాక మల్చ్, అంటే మట్టి మీద కప్పే ఎండుగడ్డి, ఆకులు లాంటివి, 2 నుంచి 3 అంగుళాలు. పొడి మట్టి మీద మల్చ్ వేస్తే వచ్చే నాలుగు చినుకులూ మల్చే తాగేస్తుంది. వీడ్ అండ్ ఫీడ్ (కలుపుమందు కలిసిన ఎరువు) కొట్టిన లాన్ గడ్డి కోత వాడకండి. విత్తే వరుసల్లో మల్చ్‌ను నాలుగు అంగుళాలు పక్కకు జరపాలి, లేకపోతే దాని కింద దాక్కునే రోలీ పోలీలు (ముట్టుకుంటే ఉండచుట్టుకునే చిన్న పురుగులు) లేత మొలకల్ని రాత్రికి రాత్రి కొరికేస్తాయి.

నీడకు 40 శాతం ఎండను ఆపే షేడ్ క్లాత్ మంచిది. మడి మీద నాలుగైదు అడుగుల ఎత్తులో కట్టి, పడమటి వైపు కిందిదాకా వేలాడనివ్వండి. మొక్కలకు హాని చేసేది మధ్యాహ్నం రెండు తర్వాత పడమటి ఎండే. గుడ్డ ఆకుల్ని తాకేంత కిందికి కడితే గాలి ఆడక లోపల ఇంకా ఉడుకుతుంది. నారుకు నాటాక పది పన్నెండు రోజులు, టమాటాకు సెప్టెంబరు మధ్యదాకా ఉంచి తీసేయండి. మరీ ఎక్కువ రోజులుంచితే మొక్క సాగిపోయి పూత తగ్గుతుంది.

ఇక ఏది ఎప్పుడు. ఈ రోజే విత్తగలిగిన ఆకుకూర తోటకూర. వేడికి చకచకా మొలుస్తుంది, 25–30 రోజుల్లో కోతకొస్తుంది, మొదటి రైజ్డ్ బెడ్లో అదే వేయండి. క్యాబేజీ నాటే వేళకు అది అయిపోయి మడి ఖాళీ అవుతుంది. దోస ఆగస్టు 12 లోపల, బుష్ బీన్స్ (తీగ పాకని పొట్టి రకం) ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 5 దాకా.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ గింజలు ఈ వారం నుంచి ఆగస్టు 10 లోపల వేయాలి, కానీ మడిలో కాదు, ఇంట్లో. ట్రేలో పావు అంగుళం లోతు, 75 డిగ్రీల గదిలో, లైటు కింద. అయిదారు వారాల నారును వారం పాటు చెట్టు నీడలోంచి క్రమంగా ఎండకు అలవాటు చేసి, సెప్టెంబరు 5–25 మధ్య సాయంత్రం పూట నాటండి. గుంటలో ముందు నీళ్లు పోసి ఇంకాక నాటితే వేరు చుట్టూ గాలి సందులుండవు. నారు ముదిరి, వేరు ట్రేలో చుట్టుకుపోయి ఉంటే బ్రోకలీ గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది, తర్వాత ఎంత ఎరువేసినా పెరగదు. దుకాణాల్లో ఆగస్టులోనే కనిపించే పొడుగాటి నారును అందుకే కొనకండి.

మెంతి ఇప్పుడు కూడా మొలుస్తుంది, కానీ నాలుగు ఆకులు రాకుండానే మాడిపోతుంది. సెప్టెంబరు 15 తర్వాత మొదలుపెట్టి రెండు వారాలకోసారి ఒక వరుస విత్తండి. కొత్తిమీరకు ధనియాలను చపాతీ కర్రతో రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి, సెప్టెంబరు ఆఖరున వేయండి. ముందే వేస్తే మొలకే పలచగా వస్తుంది, వచ్చింది కూడా పూతకు పోతుంది. అక్టోబరు కొత్తిమీర చిన్న ఫ్రీజులను తట్టుకుని మార్చి దాకా ఉంటుంది. పాలకూరలో రెండున్నాయి. మన పాలక్ బీట్‌రూట్ కుటుంబం, కాస్త వేడి ఓర్చుకుంటుంది, సెప్టెంబరు మధ్యలో వేయొచ్చు. ఇక్కడి స్పినాచ్, లెట్యూస్ గింజలు మట్టి వేడి 85 దాటితే నిద్రలోకి వెళ్లిపోతాయి, ఎంత తడిపినా లేవవు. పది డాలర్ల మట్టి థర్మామీటరు కొని, ఉదయం రెండు అంగుళాల లోతులో 80 కిందికి వచ్చాకే వేయండి.

క్యారట్ చాలామందికి మొలవనిదే. రెండు వారాలు తడి ఆరకూడదు, రేగడి పైపొర పెచ్చు కట్టకూడదు. సెప్టెంబరు మధ్యలో రైజ్డ్ బెడ్లో వేలు మందం గాడి తీసి, తడిపి, గింజ చల్లి, పావు అంగుళం జల్లించిన కంపోస్టు కప్పండి. పైన తడిపిన గోనెపట్టా గానీ చెక్కపలక గానీ పెట్టండి. అయిదో రోజు నుంచి రోజూ ఎత్తి చూసి, మొదటి తెల్ల మొలక కనిపించగానే తీసేయండి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి పడిపోతాయి. ముల్లంగి, ఆవాకు, బీట్‌రూట్ అదే వేళకు. వెల్లుల్లి అక్టోబరులో. ఉల్లి గింజ అక్టోబరు మధ్యలో: టెక్సాస్ 1015 ఉల్లికి ఆ పేరు అక్టోబరు 15న విత్తాలన్న గుర్తుగానే వచ్చింది. గింజ పెంచే ఓపిక లేకపోతే జనవరి ఆఖరున నారు కొనొచ్చు.

పురుగుల్లో ఈ పొడి వేడికి మొదటిది ఎర్రనల్లే. వారానికి రెండుమూడుసార్లు తెల్లవారుజామున ఆకుల అడుగు భాగానికి నీళ్లు బలంగా కొట్టడం చాలా వరకు అదుపు చేస్తుంది. కార్బరిల్ అనే పురుగుమందు పొడి చల్లకండి, నల్లిని తినే పురుగులు చచ్చి నల్లి రెట్టింపవుతుంది. వేపనూనె, సబ్బు మందు 90 డిగ్రీలు దాటే రోజు కొడితే ఆకు మాడుతుంది. తప్పనిసరైతే సూర్యోదయానికి ముందు ఒక కొమ్మ మీద కొట్టి, మర్నాడు చూసి, మిగతాదానికి కొట్టండి. సెప్టెంబరులో తొలి మంచి వాన పడగానే ఆర్మీవార్మ్ గొంగళ్లు వస్తాయి, లేత క్యాబేజీ నారు, లాన్ రెండూ ఒక్క వారంలో తినేస్తాయి. బీటీ మందు (గొంగళ్లను చంపే బాక్టీరియా మందు) ఇంట్లో సిద్ధంగా ఉంచుకుని, గొంగళి చిన్నగా ఉన్నప్పుడే సాయంత్రం కొట్టండి. పెద్దదయ్యాక పెద్దగా పనిచేయదు. క్యాబేజీ మీద నలుపు నారింజ రంగుల హార్లెక్విన్ పురుగు కనిపిస్తే చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయడమే నమ్మకమైన దారి. ఆకు వెనక పీపాల్లా వరుసగా నిలబడిన నల్ల చారల గుడ్లు దానివే.

కుండీల్లో కరివేపాకు ఉండే ఉంటుంది. దానికి ఎరువూ, కత్తిరింపూ సెప్టెంబరు మధ్యకల్లా ఆపేయండి, లేత చిగురు చలికి మొదట పోతుంది. రాత్రి 45కు దిగే సూచన కనబడగానే లోపల పెట్టండి. తెచ్చేముందు ఆకుల వెనక పొలుసు పురుగు, పిండినల్లి ఉన్నాయేమో చూసి కడగండి.

చివరిగా టైమరు. సెప్టెంబరు 20 తర్వాత నీటి వాడకం పడిపోతుంది. ఆగస్టు సెట్టింగే అక్టోబరులోనూ నడిపితే మెంతి మొదలు కుళ్లి వరుసలు వరుసలుగా పడిపోతుంది. అప్పుడు రైజ్డ్ బెడ్లకు వారానికి రెండుసార్లు అరగంట, రేగడి మడికి వారానికి ఒక్కసారి, వాన అంగుళం పడితే ఆ వారం పూర్తిగా ఆపు. తొలి ఫ్రీజ్ హెచ్చరిక వచ్చిన సాయంత్రం కుళాయి నుంచి టైమరు, ఫిల్టరు, రెగ్యులేటరు విప్పి గ్యారేజీలో పెట్టండి. లోపల మిగిలిన నీళ్లు గడ్డకడితే మూడూ ఒకే రాత్రిలో పగులుతాయి.